పట్టి విడిచిన హంస

వసంత వర్ణన లేని ప్రబంధం మన వాఙ్మయంలో అరుదు. కోకిల లేని వసంత వర్ణన అంతకంటె అరుదు. మావిచిగురు మెక్కి, మలయమారుతానికి మత్తెక్కి, ఎక్కడినుంచో వచ్చి వాలిన పక్షివలె కోకిలను వర్ణించడం కవులకు పరిపాటి. నిజానికి కోకిల ఎక్కడినుంచీ రాదు. ఏడాది పొడుగునా అది మన తోటలలోనే ఉంటుంది. శీతకాలమంతా నోరు మెదపక ఆకులచాటున దాగి, ఎండలు ముదరగానే గొంతు సవరించుకొంటుంది. కూత వినబడేసరికి పక్షి వచ్చినదని లోకం భ్రమపడుతుంది. ఈ సందడిలో లోకం గమనించని సంగతి మరొకటి ఉన్నది. కోకిల గొంతు విప్పిన ఆ రోజులలోనే, శీతకాలపు అతిథులైన వేలాది పక్షులు చడీచప్పుడు లేక మన పొలాలనూ, చెరువులనూ, సముద్రతీరాలనూ విడిచి ఉత్తరదిక్కుగా తరలిపోతవి. కవికి వసంతం ఆగమన ఋతువు. పక్షిశాస్త్రజ్ఞునికి అది వీడ్కోలు ఋతువు.

కృష్ణాజిల్లాలో గుడివాడకు చేరువనున్న పెదపారుపూడి పొలాలలో ఈ వీడ్కోలును ఎవరైనా చూడవచ్చును. వరి కోతలకు ముందే మాగాణిలో చల్లిన మినుము ఫాల్గుణానికి కోతకు వస్తుంది. ఆ చేలగట్లమీద తోక ఆడించుకొంటూ తిరిగే పసుపుపచ్చ రొమ్ముల పిట్టలు, సాయంకాలాలలో కరెంటు తీగలమీద బారులు తీర్చి కూర్చునే వానకోవెలలు నిన్న ఉన్నవి, నేడు పలచబడినవి, మరి నాలుగు రోజులకు లేవు. కాలువలు కట్టివేసేనాటికి గట్లు బోసిపోతవి. ఈ ఊరికి ఈశాన్యాన కొల్లేరు, దక్షిణాన దివిసీమ. ఉత్తర ఆసియానుంచి వచ్చే నీటిపక్షులకు ఈ రెండూ అనాదిగా విడుదులు. అవి ఎక్కడినుంచి వస్తవి, ఎక్కడికి పోతవి, పోయినవే మరల వస్తవా అన్న ప్రశ్నలు మనిషికి ఎన్నడో పుట్టినవి. పక్షికాలికి గోరంత ఉంగరం తొడిగేదాక వాటికి నమ్మదగిన సమాధానం దొరకలేదు.

దివి అన్నమాట ద్వీపశబ్దభవం. పులిగడ్డవద్ద రెండుగా చీలిన కృష్ణ, సముద్రాన్ని చేరేలోపల తన పాయలనడుమ పరచిన లంకభూమి అది. ఆ సీమ కొసన, కృష్ణ సాగరాన్ని కలిసేచోట ఉన్న ఊరిపేరు హంసలదీవి. జనుల పాపాలు మోసి నల్లబడిన గంగ కాకిరూపాన తీర్థాలన్నీ తిరిగి, చివరకు ఇక్కడ మునిగి హంసయై తేలినదని స్థలపురాణం. కట్టుకథ అని కొట్టివేయడం సులభమే. కాని ఫాల్గుణ చైత్రాలలో ఆ తీరాన ఒక దినం గడిపినవారికి, ఆ కథ అల్లినవారు కళ్ళు మూసుకొని అల్లలేదని తోచక మానదు.

నాగాయలంకకు దిగువన నదిపాయ దాటి చేరవలసిన ఎదురుమొండివంటి లంకల అంచున, పాటు తీసిన వేళ, మడచెట్లముందు బురదమేటలు బయటపడతవి. ఆ బురదలో పురుగులకూ, నత్తలకూ, చిన్న పీతలకూ లెక్కలేదు. వాటికోసం దిగిన ఉల్లంకి జాతుల పక్షులకూ లెక్కలేదు. పిచ్చుకంత పిట్ట ఒకటి తడినేలను గబగబ పొడుచుకొంటూ పరుగిడుతుంది. కొడవలివంటి ముక్కుగల పెద్దపక్షి ఒకటి, పీతబొరియలోకి ఆ ముక్కును మొదలంటా దించి, తొందరలేక వెదకుతుంది. ముక్కు పొడుగునుబట్టి ఎవరి లోతు వారిది. ఒకే మేటమీద పది జాతులు మేసినా ఒకరి కంచంలో ఒకరు చేయి పెట్టరు. కార్తికంలో దిగినప్పుడు వీటిలో హెచ్చుభాగం బూడిదరంగుతో, ఒకదానికొకటి పోల్చుకోరాకుండా ఉంటవి. ఏప్రిల్ వచ్చేసరికి ఆ బూడిద రాలిపోతుంది. వంకరముక్కు ఉల్లంకి మెడనుంచి పొట్టదాకా కాల్చిన ఇటుకరంగు తిరుగుతుంది. బంగరు చుక్కల వీపుగల మరొక జాతికి ముఖమూ, రొమ్మూ కాటుకనలుపు తేలి, చుట్టూ తెల్లని అంచు తీరుతుంది. దీవికి ఒక రూపంతో వచ్చిన పక్షి మరొక రూపంతో పోవడమనేది ఇక్కడ ఏటేటా నడిచే వ్యవహారం. పురాణకర్త దానికి గంగను తోడు తెచ్చుకొన్నాడు, అంతే.

రూపమొక్కటే కాదు, బరువూ మారుతుంది. ప్రయాణానికి ముందు ఈ పక్షులు తిండితప్ప వేరు ధ్యాస లేనట్లు మేస్తవి. ఆ తిండి కొవ్వై చర్మంక్రింద పేరుకొంటుంది; కొన్ని జాతులలో శరీరభారం రెట్టింపునకు సమీపిస్తుంది. దారిలో వాటికి వేరే పాథేయం లేదు. పోటెక్కి మేటలు మునిగినప్పుడు ఎత్తైన ఇసుకదిబ్బలమీద ఒంటికాలిపై నిలిచి కునుకు తీస్తవి. ఎండ వాలినవేళ ఒక గుంపు లేస్తుంది, అరుచుకొంటూ ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, వెనుకకు దిగకుండా బారుగట్టి ఉత్తరంగా సాగిపోతుంది. దుర్భిణి పట్టి చూచే కంటికి అంతవరకే అందుతుంది. వెయ్యి ఉల్లంకులను లెక్కించవచ్చును. వాటిలో నిరుడు ఇదే మేటమీద మేసినది ఏదో చెప్పడం ఎంతటి చూపరికీ సాధ్యం కాదు.

తెలియనిచోట ఊహ పనిచేస్తుంది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అంతటివాడు, వానకోవెలలు చలికాలంలో రెట్టలూడ్చుకొని బొరియలలో దాగుతవనీ, ఒక జాతి పిట్ట ఋతువు మారగానే మరొక జాతిగా మారుతుందనీ వ్రాశాడు. మన ప్రాచీనుల ఊహ సత్యానికి ఇంకాస్త దగ్గరగా నడిచింది. వానకాలానికి ముందు హంసలు క్రౌంచపర్వతపు కంతగుండా హిమవంతం దాటి మానససరోవరానికి పోతవన్న సంప్రదాయం కాళిదాసు మేఘసందేశంలో కనిపిస్తుంది. ఆ హంస మన శాస్త్రజ్ఞులు పలువురు పోల్చుకొన్న చారతలబాతే అయితే, కవి చెప్పినది ముమ్మాటికీ నిజం. తలవెనుక రెండు నల్లచారలుగల ఆ బాతు టిబెట్టు పీఠభూమి సరస్సులలో, మంగోలియాలో పిల్లలను పొదుగుతుంది. చలికాలానికి హిమాలయాలు దాటి మనదేశపు చెరువులకు దిగుతుంది. ఉపగ్రహయంత్రాలు తగిలించి పరిశీలించగా సుమారు 7,000 మీటర్ల ఎత్తున ఎగిరిన బాతులు తేలినవి. మంగోలియాలో మెడపట్టీలు కట్టి విడిచినవి కర్ణాటకలో మైసూరు పరిసరాల చెరువులలో కనబడినవి.

ఐరోపాలో మొదటి సాక్ష్యం వేరొక విధంగా వచ్చింది. 1822లో ఉత్తర జర్మనీలోని క్లూట్జ్ గ్రామందగ్గర ఒక తెల్లకొంగను కొట్టి చూడగా, దాని మెడలో ఆఫ్రికాదేశపు బల్లెం ఒకటి గుచ్చుకొని ఉన్నది. ఆ గాయంతోనే అది తన వేసవి నెలవుకు వచ్చింది. కొంగలు చలికాలంలో ఆఫ్రికాకు పోతవని ఆ బల్లెం చాటిచెప్పింది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఆ కొంగను నేటికీ భద్రపరచి ఉంచారు. రెండు ఖండాల వేటగాండ్రు చెరియొక దెబ్బ కొడితే ఒక సత్యం తెలిసింది; పక్షికి మిగిలినది మాత్రం గాజుపెట్టె.

పక్షికి దెబ్బ తగలకుండా ఆ సత్యాన్ని రాబట్టే ఉపాయం కనిపెట్టినవాడు ఒక బడిపంతులు. ఈ మాట ఉపాధ్యాయులు కొంచెం గర్వంగానే వినవచ్చును. డెన్మార్కుదేశంలో వీబోర్గ్ పట్టణపు పాఠశాలలో పనిచేసిన మోర్టెన్‌సెన్ 1890లో తుత్తునాగపు ఉంగరాలతో ప్రయత్నించాడు. అవి బరువై పక్షికి ఇబ్బంది కలిగించినవి. తొమ్మిదేండ్లు ఆగి, అప్పుడప్పుడే అందుబాటులోకి వచ్చిన అల్యూమినియంతో మరల ఆరంభించాడు. 1899లో, మన గోరువంకల కుటుంబానికే చెందిన 165 స్టార్లింగు పక్షులకు ఊరిపేరూ, వరుస అంకె చెక్కిన ఉంగరాలు తొడిగి విడిచిపెట్టాడు. ఉంగరం కనబడితే తెలియజేయమని పత్రికలలో ప్రకటించాడు. ఆయన తన పక్షులను తాను వెంటాడలేదు. ముక్కూ మొగమూ తెలియని వేటగాడో, రైతో, పల్లెవాడో కాగితంమీద నాలుగు ముక్కలు వ్రాసి పంపుతాడన్న నమ్మకమే ఆయన పెట్టుబడి. ఆ నమ్మకం వమ్ము కాలేదు. కొలది యేండ్లలోనే ఐరోపాలో అనేకదేశాలు ఆయన పద్ధతిని అనుసరించినవి.

ఈ పనికి ద్వీపాలు పుట్టినిళ్ళయినవి. సముద్రంమీద రాత్రంతా ఎగిరి అలసిన పక్షికి నేల కనబడితే చాలును, దిగుతుంది. దిగినచోట చెట్లూ పొదలూ నాలుగే ఉంటే, ఉన్న పక్షులన్నీ ఆ నాలుగింటిలోనే చేరుతవి. ఉత్తరసముద్రంలో హెలిగోలాండ్ అనే చిన్న రాతిదీవిలో గేట్కె అనే చిత్రకారుడు యాభైయేండ్లకు పైబడి నివసించి, వచ్చిపోయే పక్షులను వ్రాసిపెట్టాడు. ఆయన తరువాత 1910లో వైగోల్డ్ అక్కడ పరిశోధనశాల నెలకొల్పాడు. పొదలను కప్పుతూ వెడల్పుగా మొదలై, పోను పోను ఇరుకై, చివరకు ఒక పెట్టెలో ముగిసే తీగెవల ఆ దీవిపేరుతోనే ప్రసిద్ధమైనది. స్కాట్లండుకు ఉత్తరానగల ఫెయిర్ ఐల్ దీవిలో జార్జి వాటర్‌స్టన్ 1948లో అటువంటి కేంద్రాన్నే తెరిచాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనుల చెరలో ఉండగా ఆయన దానికి పథకం వేసుకొన్నాడు. బందీయైనవాడు పక్షులను పట్టి విడిచే శాలనుగూర్చి కలగనడంలో ఒక అందమున్నది.

అటువంటి దీవులలో వసంతకాలపు దినం తెల్లవారకముందే మొదలవుతుంది. నల్లని సన్నదారపు వలలను గడలమధ్య కట్టి, దారానికి దారానికి నడుమ సంచివలె కొంత వదులు విడుస్తారు. మసకవెలుతురులో ఆ వల కంటికి ఆనదు. దానిని తాకిన పిట్ట వదులులోకి జారి పడుకొంటుంది. అరగంటకొకసారి వలలన్నీ చూచి రావలె; గాలి హెచ్చినా, వాన పడినా, ఎండ ముదిరినా వల మూసివేయవలె. చిక్కు విప్పడం ఈ విద్యలో సగం. పిట్ట ఏవైపునుంచి వలలో పడినదో చూచి ఆవైపునుంచే, ముందు కాళ్ళు, తరువాత రెక్కలు, ఆఖరున తల విడిపించాలి. విడిపించినదానిని నూలుగుడ్డ సంచిలో ఉంచితే చీకటికి శాంతిస్తుంది.

బల్లవద్ద కూర్చున్నవాడు పిట్టను ఎడమచేతిలోకి తీసుకొంటాడు. వీపు అరచేతికి ఆనుతుంది, మెడ చూపుడువ్రేలికీ నడిమివ్రేలికీ నడుమ నిలుస్తుంది, బిగించడు, వదలడు. కాలి లావునుబట్టి ఎన్నిక చేసిన ఉంగరాన్ని పట్టకారుతో మూస్తాడు. అది కాలిపై అటూ ఇటూ తిరగాలి గాని జారిపోరాదు. అంకెను గట్టిగా చదువుతాడు. ప్రక్కనున్నవాడు పుస్తకంలో ఎక్కించి తిరిగి చదువుతాడు. తరువాత రెక్కపొడుగు కొలుస్తారు, ఈకల అరుగుదలనుబట్టి వయస్సు నిర్ణయిస్తారు. గొంతుక్రింద ఈకలను నోటితో మెల్లగా ఊదితే పలుచని చర్మంక్రింద పసుపుపచ్చని కొవ్వు కనబడుతుంది. అది ఎంత నిండి ఉంటే ప్రయాణం అంత దగ్గరపడినదని అర్థం. తూచడంతో పని ముగుస్తుంది. ఇంతా చేసి రెండు మూడు నిమిషాలు. తెరచిన అరచేతిమీద పిట్ట ఒక్క క్షణం నిలిచి, నమ్మలేనట్లు చూచి, ఎగిరిపోతుంది. సాయంకాలం అందరూ కూడి ఆనాడు చూచిన జాతులనూ, సంఖ్యలనూ వరుసగా చదివి వ్రాస్తారు. ఏమీ కనబడని దినాన్నికూడా వ్రాయడం ఈ శాలల మర్యాద.

ఇది హింస కాదా అని సున్నితహృదయులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నిషధరాజు నలుడు ఉద్యానసరస్సు గట్టున నిద్రించే బంగారు హంసను పట్టుకొన్నప్పుడు, ముసలితల్లినీ, పసిపిల్లలనూ తలచుకొని అది చేసిన విలాపం నైషధకథలో కఠినుల గుండెనైనా కరిగించేది. శ్రీనాథుడు దానిని తెలుగుచేసి మనవారి నాలుకలపై నిలిపాడు. ఆ కథలో చాలమంది దాటిపోయే సూక్ష్మమొకటి ఉన్నది. నలుడు హంసను చేత ఉంచుకొన్నంతసేపు అతనికి దక్కినది ఏడుపు ఒక్కటే. విడిచిన తరువాతనే ఆ పక్షి విదర్భకు ఎగిరి, దమయంతి వార్తతో తిరిగివచ్చింది. ఉంగరం తొడిగేవారు చేసేదీ అచ్చంగా ఇదే. చేతిలోని పక్షి చెప్పే సంగతులు బరువూ పొడుగూ మాత్రమే. అసలు వార్త అంతా అది విడివడి పోయినమీదట వస్తుంది. పక్షి అలసినా, వణికినా కొలతలు మాని వెంటనే వదిలివేయవలెనన్న నియమం ఈ విద్యకు మొదటి పాఠం.

మనదేశంలో ఈ పని పెద్దయెత్తున సాగడానికి ఒక జ్వరం కారణమైనది. 1957లో నేటి కర్ణాటకలోని శివమొగ్గజిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి, జనులు జబ్బుపడ్డారు. ఆ విషాణువు రష్యాదేశపు ఒక వ్యాధికారకాన్ని పోలి ఉన్నందున, వలసపక్షులమీది గోమార్లద్వారా వచ్చినదేమోనన్న శంక పుట్టింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయంతో సలీం అలీ నాయకత్వాన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం ఉంగరాల పథకం చేపట్టింది. శంక నిలవలేదు గాని పథకం నిలిచింది. తమిళనాట కోడియక్కరైలోనూ, ఒరిస్సాలో చిలికా సరస్సులోనూ లక్షలలో పక్షులకు ఉంగరాలు తొడిగారు. చిలికా నడుమగల నలబాణ దీవి వానకాలంలో మునిగి, చలికాలానికి తేలి, వలసపక్షులకు మేతబీడు అవుతుంది. కోడియక్కరైలో ఉంగరం పొందిన ఉల్లంకులు సైబీరియాలో దొరికినవి. చిన్న పిట్టలవి.

ఈ పథకంలో శాస్త్రజ్ఞుల ప్రక్కన నిలిచినవారు బీహారునుంచి వచ్చిన మీర్‌షికారులు, వంశపారంపర్యంగా పక్షులు పట్టి అమ్ముకొని బ్రతికినవారు. వారిలో ఆలీ హుసేన్ పేరు పక్షిశాస్త్రలోకంలో సుప్రసిద్ధం. చంపకుండా పట్టడమెట్లో ఏ గ్రంథంలోనూ లేదు, వారి వ్రేళ్ళలో ఉన్నది. తెలుగునేలమీదకూడా ఇటువంటి దృష్టాంతం ఒకటి కలదు. ఎనభై యేండ్లకు పైగా ఎవరికీ కనబడక నశించినదనుకొన్న కలివికోడిని 1986 జనవరిలో కడపజిల్లాలో చీకటిరాత్రి దీపపు వెలుతురులో పట్టి చూపినవాడు ఐతన్న అనే పల్లెవాడు. ఆ పక్షి తరువాత బ్రతకకపోవడం విచారకరం. కాని జాతి బ్రతికి ఉన్నదన్న సంగతి అతని చేతిగుండానే లోకానికి తెలిసింది.

కొల్లేటి గూడబాతుల కథ ఈ విద్య విలువను మరొకవైపునుంచి చూపుతుంది. తాడేపల్లిగూడెం దాపున ఆరేడు గ్రామంలో గూడబాతులు గుంపులుగా చెట్లపై గూళ్ళు కట్టుకొని ఉండడాన్ని 1946లో కె. కె. నీలకంఠన్ చూచారు. తరువాతి కాలంలో మలయాళ పాఠకులకు ఇందుచూడన్‌గా పరిచితులైన రచయిత వారే. ఆ పరిశీలనను 1949లో బొంబాయి సంఘపు పత్రికలో ప్రకటించారు. కొన్నాళ్ళకు గూళ్ళు కొల్లేటి పరిసరాలలోని కొలమూరు, సారేపల్లి ఊళ్ళకు మారినవి. 1970ల నడుమకు అవీ ఖాళీ అయినవి. 1978లో అదే పత్రికలో ఒక చిన్న వ్యాసం వెలువడింది. పోయిన గూడబాతుల నెలవు అని దాని పేరు. ఇరవైతొమ్మిదేండ్లలో ఒక నెలవు దొరకడమూ, పోవడమూ రెండూ ఒకే పత్రిక పుటలకెక్కినవి. బర్మాలో సిట్టాంగ్ నదితీరాన 1877లో చూచినవారు లెక్కకు మించినవని వ్రాసిన ఇదే జాతి గూళ్ళు ఇరవయ్యవ శతాబ్ది నడుమకే పూర్తిగా మాయమైనవి.

అయితే కొల్లేరు మరల గూడబాతులకు ఇల్లైనది. 1999లో సరస్సు అభయారణ్యమైనది, 2002లో రాంసార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. కైకలూరు మండలం ఆటపాకలో, చెట్లు చాలని చెరువులో ఇనుపమంచెలు నిలిపితే వాటిపైనే గూళ్ళు కట్టి పిల్లలను లేపుతున్నవి. ఫాల్గుణంలో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు జనం పడవలపైనా బండ్లపైనా కదిలే రోజులలో, ఆ పిల్లలు రెక్కలు సాచి మంచె అంచుమీద తూగుతూ ఉంటవి. నెల్లూరు సీమలోని నేలపట్టు, గుంటూరు దాపున ఉప్పలపాడుకూడా గూడబాతులతో కళకళలాడుతున్నవి. ఆరేడు పిల్లల వంశమే నేలపట్టు చేరినదా, నేలపట్టునుంచి ఆటపాకకు వచ్చినదా అన్నది గూళ్ళ లెక్కతో తేలేది కాదు. మంచె అంచున తూగే పిల్లకు ఈ యేడు తొడిగిన ఉంగరాన్ని పదేండ్ల తరువాత మరొక చెరువుగట్టున ఒకరు చదివినప్పుడు తేలుతుంది. దక్షిణాసియాలో 1987నుంచి ఏటా జనవరిలో నీటిపక్షులను లెక్కిస్తున్నారు. జనవరి లెక్క వచ్చినవారి లెక్క. ఫాల్గుణ చైత్రాలలో పోయేవారి లెక్క పల్లెటూరి బడులే వ్రాసిపెట్టవచ్చును. గట్టుమీది పసుపురొమ్ము పిట్ట ఆఖరున కనబడిన తేదీ, తీగలమీద వానకోవెలలు ఖాళీచేసిన తేదీ పదిసంవత్సరాలు వరుసగా ఒక నోటుపుస్తకంలో ఉంటే, దాని విలువ శాస్త్రజ్ఞులకు తెలుసును.

విద్యార్థులు పక్షులను పట్టడానికి మాత్రం పూనుకోరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంప్రకారం అనుమతి లేక పట్టడం నేరం. తెలియని చేతిలో పిట్ట బ్రతకదుకూడా. కాని పంటకాలువ గట్టున చచ్చిపడిన బాతు కాలికో, ఉల్లంకి కాలికో ఉంగరం కనబడవచ్చును. చచ్చినదైతే వట్టిచేతులతో తాకరాదు. ఉంగరంమీది అక్షరాలూ, అంకెలూ ఒక్కటి వదలక వ్రాసుకొని, ఊరిపేరు, తేదీ, పక్షి పోలిక చేర్చి, వీలైతే ఫోటో జతపరచి పంపవలె. బ్రతికినదైతే ఉంగరం తీయరాదు. దూరాన దుర్భిణితో చదవగలిగినంత చదివి, కాలికి రంగుపట్టీలుంటే ఏ కాలికి ఏ రంగు పైన, ఏది క్రింద అన్నది గుర్తుపెట్టుకోవలె. ఏ రంగుల జోడింపు ఏ దేశానిదో దానినిబట్టి తెలుస్తుంది. ఎవరికి పంపాలన్న చింత అక్కరలేదు. వ్రేలిగోటికంటె చిన్నదైన ఆ రేకుమీద చోటు చాలక మాటలు కుదించినా, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘానికి తెలుపండి అని చెక్కే ఉంటుంది.